హోదాను వదిలి, పనిని వెంట తీసుకుని

ఉద్యోగం మారడం వేరు, వృత్తి మారడం వేరు. ఉద్యోగం మాత్రమే మారేటప్పుడు మన రెజ్యూమె చేతిలోకి తీసుకున్న మనిషికి మనమెవరో పెద్దగా వివరించవలసిన పని ఉండదు. ఇక్కడ చేసిన పనే అక్కడా చేస్తాం కాబట్టి, ఆ పనిలో మనం ఎంత గట్టివాళ్లమన్నది తేల్చుకుంటే వారికి సరిపోతుంది. వృత్తి మారేటప్పుడు అలా కాదు. "అసలు మీరు ఇటువైపు ఎందుకు వచ్చారు?" అన్న ప్రశ్న అన్నిటికంటే ముందు వస్తుంది, నోటితో అడగకపోయినా చూపుతో అడుగుతారు. ఉద్యోగాల వేట గురించి మనకు ఊరికే దొరికే సలహాలలో ఎక్కువ భాగం మొదటి రకం వారికోసం చెప్పినవి. వాటిని రెండవ రకం వాళ్లు తు.చ. తప్పకుండా పాటించి, వందల దరఖాస్తులు పంపి, జవాబు రాక కుంగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

నేను ఒక సరుకు రవాణా సంస్థలో చాలా ఏళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. సంస్థ ఆ విభాగాన్ని మొత్తంగా బయటివారికి అప్పగించాలని నిర్ణయించుకున్నప్పుడు మాకు కొన్ని నెలల గడువు ఇచ్చారు. అదే పని మరొక చోట వెతుక్కోవడమా, చాలాకాలంగా మనసు లాగుతున్న డేటా అనలిస్టు పని వైపు వెళ్లడమా అన్న తర్జనభర్జన తరువాత రెండవదే ఎంచుకున్నాను. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను. ఆ మార్పు నుంచి నాకు తేలిన విషయం ఒకటే: వృత్తి మారేటప్పుడు వదిలిపెట్టవలసింది హోదాను, వెంట తీసుకువెళ్లవలసింది చేసిన పనిని. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. సీనియర్ అన్న హోదాను గట్టిగా పట్టుకుంటారు; ఇన్నేళ్లుగా చేతులారా చేసిన పనిని మాత్రం "అదంతా పాత ఫీల్డు కదా" అని పక్కన పడేస్తారు.

మారాలా వద్దా అన్న దగ్గరే మొదటి చిక్కు ఉంది. దూరపు కొండలు నునుపు అన్న మాట వృత్తుల విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. పై అధికారి మీది విసుగునూ, కార్యాలయం మీది విసుగునూ, పని మీది విసుగునూ మనం ఒకే మూటగా కట్టేస్తాం. మొదటి రెండూ ఉద్యోగం మారితే పోతాయి, వాటికోసం వృత్తినే మార్చుకోనక్కరలేదు. నా మటుకు నేను, వెళ్లాలనుకున్న రంగంలో ఉన్నవారిని కలిసినప్పుడల్లా "మీ పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది ఏది?" అని అడిగేదాన్ని. ఆసక్తికరమైన భాగం ఏ పనిలోనైనా ఆసక్తికరంగానే ఉంటుంది, దాన్నిబట్టి తేల్చుకోగలిగేది తక్కువ. డేటా అనలిస్టులందరూ దాదాపు ఒకే జవాబు చెప్పారు: విశ్లేషణకు పట్టే సమయం కొంచెమే, సమాచారాన్ని శుభ్రం చేయడానికి పట్టేది కొండంత, పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, తేదీలు తారుమారుగా ఉంటాయి, ఖాళీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఈ మాట విని నాకు భయం వేయలేదు. బిల్లులతో నేను రోజూ చేస్తున్నది అదే. ఒక వృత్తిలోని విసుగును మనం భరించగలమా అన్నదానికి మించిన పరీక్ష నాకు ఇంతవరకూ కనబడలేదు.

ఇక ఉద్యోగం ఎవరి ద్వారా దొరుకుతుందన్న విషయం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మన సహజబుద్ధి చెప్పేదీ, పరిశోధనలు చెప్పేదీ ఎదురెదురుగా ఉన్నాయి. కష్టకాలంలో దగ్గరవాళ్లే ఆదుకుంటారని మన నమ్మకం. మనసుకు ధైర్యం ఇవ్వడంలో అది నిజమే కానీ ఉద్యోగం చూపించడంలో అంతగా కాదు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ శివారు పట్టణంలో అప్పటికి కొద్దికాలం క్రితమే ఉద్యోగం మారిన వృత్తి నిపుణులను, సాంకేతిక ఉద్యోగులను, మేనేజర్లను ప్రశ్నించి, 1973లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిలో, ఆ తెలిసిన మనిషిని తరచుగా కలుస్తుండేవారు 16.7 శాతం మాత్రమే. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం. ఏడాదికి ఒకసారో, అంతకంటే అరుదుగానో కలిసేవారు 27.8 శాతం. కారణం ఆలోచిస్తే తేటగానే ఉంటుంది. దగ్గరవాళ్లకు తెలిసిన ఖాళీలు మనకూ ఎలాగూ తెలుస్తాయి, వాళ్లు తిరిగే చోట్లే మనమూ తిరుగుతాం. కొత్త కబురు రావాలంటే వేరే చోట తిరిగే మనిషి కావాలి. దాదాపు అర్ధ శతాబ్దం తరువాత, 2022లో, లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్లమందికి పైగా సభ్యుల మీద అయిదేళ్లపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. అవి ఈ వాదాన్ని బలపరుస్తూనే ఒక సవరణ చేర్చాయి: మరీ దగ్గరివారూ కాక, ఒట్టి ముఖపరిచయమూ కాక, ఆ రెండింటికీ నడుమ ఉన్నవారే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడుతున్నారు.

వృత్తి మారేవారికి దీనిలో ఇంకొక కోణం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. ఇది పరిశోధకుల మాట కాదు, నా అనుభవంలో గమనించినది. మన దగ్గరవాళ్లు మనల్ని పాత రూపంలోనే చూస్తారు. "నువ్వు లెక్కల మనిషివి, హాయిగా ఆ ఉద్యోగమే చూసుకో" అని ప్రేమతోనే అంటారు. మన బాగు కోరేవారు కాబట్టి మనం ఎక్కడ జారిపడతామోనని వారి భయం. దూరపు పరిచయస్థులకు ఆ భయమూ లేదు, మన గురించి స్థిరపడిన అభిప్రాయమూ లేదు. మనం ఫలానా పని చేయాలనుకుంటున్నామంటే, చేయగలిగినవాళ్లమేనేమో అన్నట్టు వింటారు. మారుతున్న రోజులలో అలా వినే మనుషులు ఎంత అవసరమో మారినవారికే తెలుస్తుంది.

అయితే అలాంటివారిని ఏమని సంప్రదించాలి? "ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి" అని సందేశం పంపితే అవతలివారు చేయగలిగేది ఏమీ ఉండదు. "తప్పకుండా" అని జవాబిస్తారు, అక్కడితో అయిపోతుంది. దానికి బదులు వారు పావుగంటలో చెప్పగలిగినది అడగాలి. వారి విభాగంలో కొత్తగా చేరినవారికి మొదట ఏ పని ఇస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ నిజంగా వాడతారు, ఇంటర్వ్యూలో ఏం చేయించి చూస్తారు వంటివి. ఇలా అడిగినప్పుడు నాకు జవాబివ్వనివారు తక్కువ. తమ పని గురించి శ్రద్ధగా అడిగే మనిషి ఎదురైతే ఎవరైనా నాలుగు మాటలు ఎక్కువే చెబుతారు.

నా రెజ్యూమె రూపం మారింది కూడా అటువంటి ఒక సంభాషణలోనే. ఒకప్పుడు మా సంస్థలోనే గిడ్డంగి విభాగంలో పనిచేసి, తరువాత వేరే సంస్థలో ప్లానింగ్ వైపు వెళ్లిన ఒకావిడకు నా రెజ్యూమె పంపాను. నాకంటే పెద్దావిడ, పనిచేసే రోజుల్లో మా మధ్య పలకరింపులకు మించిన స్నేహం లేదు. ఆవిడ ఫోన్ చేసి ఒకే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయారు. "ప్రతి నెలా వెండర్ల ఇన్‌వాయిస్‌లు సరిచూసి నివేదికలు తయారుచేశాను అని రాశారు. సరిచూడడమంటే ఏం చేసేవారండీ?" అని అడిగారు.

"ట్రిప్ షీట్లలో ఉన్న కిలోమీటర్లకూ, వెండర్ బిల్లులో వేసిన కిలోమీటర్లకూ పొంతన ఉందో లేదో చూసేదాన్నండీ."

"పొంతన లేకపోతే?"

"బిల్లు వెనక్కి పంపేవాళ్లం. అదికాక ఏ రూట్లో, ఏ వెండర్ దగ్గర తేడాలు ఎక్కువగా వస్తున్నాయో నేను ఎక్సెల్‌లో విడిగా రాసి పెట్టుకునేదాన్ని. కొన్ని రూట్లలో నెలాఖరు బిల్లుల్లోనే తేడాలు వచ్చేవి."

"అది ఎవరైనా చేయమన్నారా?"

"లేదండీ. ప్రతి నెలా అదే తంతు ఎందుకవుతోందో తెలుసుకుందామని చేశాను. తరువాత ఆ పట్టిక చూసే మా మేనేజర్ గారు రెండు కాంట్రాక్టుల్లో బిల్లింగ్ నిబంధనలు మార్పించారు."

"మరి మీరు వెళ్లాలనుకుంటున్న ఉద్యోగం అదే కదమ్మా! అది ఒక్కటీ వదిలేసి మిగిలినవన్నీ రాశారేమిటి?" అన్నారు ఆవిడ నవ్వుతూ.

ఆ సాయంత్రమే ఆ వాక్యం తీసేసి ఇలా రాశాను: "ట్రిప్ షీట్లను, వెండర్ బిల్లులను పోల్చి దూరాల తేడాలను రూట్ వారీగా, వెండర్ వారీగా వర్గీకరించాను, పదేపదే వస్తున్న తేడాలు నెలాఖరు బిల్లుల్లో కేంద్రీకృతమై ఉన్నట్టు గుర్తించాను, దాని ఆధారంగా రెండు కాంట్రాక్టులలో బిల్లింగ్ నిబంధనలు సవరించారు." మొదటి వాక్యంలో ఉన్నది నా హోదాకు అప్పగించిన బాధ్యత. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ వాక్యం అలాగే రాసుకోవచ్చు. రెండవది నేను చేసిన పని. ఏ సమస్య కనబడింది, దాన్ని ఎలా విడదీసి చూశాను, చివరికి ఏం మారింది అన్న మూడూ అందులో ఉన్నాయి. అకౌంట్స్ గురించి అక్షరం ముక్క తెలియని మనిషికి కూడా అది అర్థమవుతుంది. వృత్తి మారేవారి రెజ్యూమె చదివేది సరిగ్గా అటువంటి మనిషే.

కోర్సుల గురించి రెండు మాటలతో సరిపెడతాను. అవసరమైనది నేర్చుకోవలసిందే, నేనూ డేటాబేస్‌ల నుంచి సమాచారం తీయడానికి వాడే ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను. కాకపోతే సర్టిఫికెట్ల దొంతర పెరిగేకొద్దీ మనిషికి ఇంకా సిద్ధం కాలేదన్న భావనే బలపడుతుందని నా అనుమానం. ఒక కోర్సు చేసిన తరువాత, అందులో నేర్చుకున్నదానితో మన పాత రంగానికి చెందిన సమస్య ఒకదాన్ని మొదటి నుంచి చివరి వరకూ చేసి చూపించడం ఇంకో రెండు కోర్సులకంటే మేలు. పాత సంస్థ సమాచారాన్ని దానికి వాడుకోకూడదని వేరే చెప్పనక్కరలేదు. ఊహించిన సంఖ్యలతోనో, అందరికీ అందుబాటులో ఉన్న డేటాతోనో చేయాలి.

"కనీసం ఇన్నేళ్ల అనుభవం" అన్న షరతు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆ షరతుకు ఉన్న విలువ ఎంతో తెలిస్తే కొంత ధైర్యం వస్తుంది. ఉద్యోగుల ఎంపిక పద్ధతులు తరువాతి పనితీరును ఎంతవరకు ముందుగా చెప్పగలుగుతున్నాయో 85 ఏళ్ల పరిశోధనలను కలిపి లెక్కగట్టిన ష్మిట్, హంటర్ 1998లో అనుభవ సంవత్సరాలకు ఇచ్చిన విలువ 0.18 (ఈ లెక్కలో 0 అంటే ఏమీ చెప్పలేకపోవడం, 1 అంటే పూర్తిగా ముందే చెప్పగలగడం). అదే పనిలోని ఒక నమూనాను చేయించి చూడడానికి 0.54, అందరినీ ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూకు 0.51. ఈ లెక్కలను 2022లో శాకెట్, ఆయన సహచరులు తిరగదోడి సంఖ్యలను చాలా వరకు తగ్గించారు. క్రమబద్ధమైన ఇంటర్వ్యూ 0.42తో అన్నిటికంటే పైన నిలిచింది. అనుభవ సంవత్సరాలు 0.07కు పడిపోయాయి. అంటే ఏళ్ల లెక్క పనితీరు గురించి చెప్పేది బహు స్వల్పం. ఈ మాట ఇంటర్వ్యూలో వాదించి ప్రయోజనం లేదు, కంపెనీలు ఆ జల్లెడ వాడుతూనే ఉంటాయి. దరఖాస్తులను మొదట సాఫ్ట్‌వేరే వడపోసే చోట ఏళ్లు తక్కువైన రెజ్యూమె మనిషి కంటపడకుండానే ఆగిపోవచ్చు. పరిచయస్థుల దారి ముఖ్యమని అంతగా చెప్పింది అందుకే, ఆ దారిలో జల్లెడ చివర్న వస్తుంది. ఇంకొకటి, పని నమూనా చేయించే సంస్థలను ఏరి మరీ దరఖాస్తు చేసుకోవడం వృత్తి మారేవారికి లాభం. నాకు ఉద్యోగమిచ్చినవారు ఒక గజిబిజి పట్టిక ఇచ్చి రెండు రోజుల్లో ఏం కనిపిస్తే అది రాసి పంపమన్నారు. ఇంటర్వ్యూ మొత్తం ఆ రాసినదాని మీదనే సాగింది. "అకౌంట్స్ నుంచి ఎందుకు?" అన్న ప్రశ్న చివరిలో, దాదాపు మర్యాదకోసం వచ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు మాత్రం సిద్ధంగా ఉండాలి, అది చిన్నదిగా ఉండాలి. పాత సంస్థ మీద ఫిర్యాదుతో మొదలుపెడితే వినేవారికి మన ఫిర్యాదే గుర్తుంటుంది. నేను చెప్పింది ఇంతే: బిల్లులు సరిచూడడంలో నాకు నచ్చిన భాగం తేడా ఎందుకు వచ్చిందో వెతకడం, ఇక్కడ పని మొత్తం అదే.

పాత ఉద్యోగం ముగిసి కొత్తది ఇంకా రాని కాలం గురించి ఎవరూ సరిగా మాట్లాడరు. చేతినిండా సమయం ఉంటుంది కాబట్టి అన్నీ చేసుకోవచ్చని బయటివారు అనుకుంటారు. ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊరు బతుకంతా ఒక బట్టల మిల్లు మీద ఆధారపడి ఉండేది. ఆ మిల్లు మూతపడ్డాక అక్కడివారి జీవితాన్ని మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైసెల్ అనే పరిశోధకులు దగ్గరుండి గమనించి 1933లో ప్రచురించారు. తీరిక పెరిగితే గ్రంథాలయంలో చదివేవారు పెరగాలి కదా? తగ్గారు. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది, ఊరికే ఆగి నిలబడడం ఎక్కువైంది. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక ఆకారాన్ని కూడా ఇస్తుందని, అది పోతే ఖాళీ సమయం వరం కాదు భారమవుతుందని యహోడా తరువాతి రోజులలో వివరించారు. ఆ విషయం చదివినప్పుడు నాకు వింత అనిపించలేదు. పదకొండు గంటలకు ఒక మెయిల్ రాయాలనుకుని సాయంత్రం దాకా రాయలేకపోయిన రోజులు నాకూ ఉన్నాయి. వెతుకులాటను ఉదయం పూటకే పరిమితం చేసి, మధ్యాహ్నం తరువాత ఉద్యోగాల పోర్టల్ తెరవకూడదని నియమం పెట్టుకున్నాక కొంత కుదుటపడ్డాను.

ఇదే కాలానికి సంబంధించి మరొక పరిశోధన నాకు బాగా నచ్చింది. 1994లో స్పెరా, బ్యూర్‌ఫైండ్, పెన్నెబేకర్ ఉద్యోగం కోల్పోయిన నిపుణులలో కొందరిని, ఆ పోవడం గురించి తమ మనసులో ఉన్నదంతా కొన్ని రోజులపాటు కాగితం మీద పెట్టమన్నారు. అలా రాసినవారికి మిగిలినవారికంటే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. వాళ్లేమీ ఎక్కువ దరఖాస్తులు పెట్టలేదు, ఎక్కువ ఫోన్లూ చేయలేదు. లోపలి ఉక్రోషం కాగితం మీద ఖర్చయిపోతే ఇంటర్వ్యూలో బయటపడదని నేను దాన్ని అర్థం చేసుకున్నాను. అలాగని ఈ విరామాన్ని సాగదీయడమూ మంచిది కాదు. నిరుద్యోగ కాలం పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గుతాయని, ఆ తగ్గుదలలో అధిక భాగం మొదటి ఎనిమిది నెలల్లోనే జరుగుతుందని అమెరికాలో కల్పిత రెజ్యూమెలు పంపి చేసిన ఒక ప్రయోగం 2013లో తేల్చింది. కాబట్టి వీలున్నవారు పాత ఉద్యోగంలో ఉండగానే పరిచయాలు, అడగడాలు, నమూనా పని మొదలుపెట్టుకోవాలి. రాజీనామా వాటన్నిటికీ చివర రావాలి, ఆఫర్ లెటర్ చేతికి అందాక. నోటి మాటగా ఇచ్చిన ఆఫర్‌ను నమ్మి రాజీనామా చేయడం ఎంతమాత్రం తగదు.

జీతం తగ్గుతుందా? చాలాసార్లు తగ్గుతుంది. పాత జీతం మీద శాతం లెక్కన మాట్లాడితే వృత్తి మారేవారికి రెండు విధాల నష్టం: అది ఎక్కువైతే మనం వారికి ఖరీదుగా కనబడతాం, తక్కువైతే దానికే కట్టేస్తారు. ఆ ఉద్యోగానికి వారు అనుకుంటున్న పరిధిని ముందుగా అడిగి, అందులో మాట్లాడడం నయం. తగ్గిన జీతంతో ఎన్ని నెలలు నెట్టుకురాగలమో ఇంట్లోవాళ్లతో కూర్చుని కాగితం మీద లెక్క వేసుకోవడం ఆఫర్ రాకముందే జరగాలి. ఆఫర్ వచ్చాక వేసే లెక్కలో ఉత్సాహం కలిసిపోతుంది.

కొత్త చోట చేరిన తొలి నెలల్లోనే హోదాను వదులుకోవడమంటే ఏమిటో నిజంగా అనుభవంలోకి వస్తుంది. నాకు పని నేర్పిన అమ్మాయి నాకంటే చాలా చిన్నది. నన్ను "మేడం" అనాలో పేరు పెట్టి పిలవాలో తెలియక మొదట్లో ఏమీ పిలవకుండా నెట్టుకొచ్చింది. పేరు పెట్టి పిలవమని నేనే చెప్పాక ఇద్దరికీ తేలికైంది. తెలియనిది తెలియదని అడగడంలో వయసు అడ్డు వస్తుంది, దాన్ని మొదటి వారంలోనే దాటేయాలి. ఆ తరువాత ఒక రోజు మా బృందంవారు అమ్మకాల పట్టికలో మైనస్‌లో ఉన్న వరుసలన్నిటినీ పొరపాటు నమోదులుగా భావించి తీసేయబోతుంటే, అవి క్రెడిట్ నోట్లని, తిరిగివచ్చిన సరుకుకు ఇచ్చినవని, తీసేస్తే అమ్మకాలు ఉన్నదానికంటే ఎక్కువ కనబడతాయని నేను చెప్పగలిగాను. అకౌంట్స్‌లో అది మొదటి రోజు పాఠం. ఆ బృందంలో ఎవరికీ తెలియకపోవడంలో తప్పేమీ లేదు. అప్పటినుంచి బిల్లింగ్‌కు సంబంధించిన పట్టిక వస్తే నా దగ్గరికి పంపుతున్నారు.

దారి చూపిన పరిచయస్థులకు ఉద్యోగం వచ్చిన కబురు చెప్పడం చాలామంది మరచిపోతారు. వారు చెప్పినదానిలో ఏది ఉపయోగపడిందో కూడా ఒక వాక్యం చేర్చి నేను అందరికీ రాశాను. ఇప్పుడు పాత విభాగంవారు ఒకరిద్దరు నాకు ఫోన్ చేసి ఏ కోర్సులో చేరమంటారని అడుగుతున్నారు. కోర్సు సంగతి తరువాత చూద్దాం, ముందు నిన్న ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో వరుసగా చెప్పండి అంటాను. మొదట "ఏముందండీ, మామూలే" అంటారు. ఒక్కో పని గురించి అడుగుతూ పోతే మాత్రం ఆ ఫోన్ అంత తొందరగా ముగియదు.